పటాల ఓట్లు

చనిపోయిన కార్యకర్తల పటాలు మాట్లాడటం మొదలయ్యాక, పార్టీ వాటికీ ఓటు హక్కు ఇచ్చింది. టికెట్ పోటీలో అనసూయ ఐదు ఓట్లతో ఓడిపోయింది. పదకొండు పటాల ఓట్లూ దామోదర్‌కే పడ్డాయన్నారు.

పొద్దున్నే మొగుడి పటం తుడుస్తూ అడిగింది. "ఏమయ్యా, ఓటు ఎవలికేసినవ్?"

"నీకే ఏసిన గదనే!"

అనసూయకు ఒళ్లు మండిపోయింది. మిగతా పది ఇళ్లూ తిరిగింది. అన్ని పటాలూ ఆమె పేరే చెప్పాయి.

విజయసభలో పదకొండు మంది ఆడవాళ్లు ఒళ్లో పటాలతో ముందు వరసలో కూర్చున్నారు. ఆనవాయితీ ప్రకారం మొదటి జై పటాలదే. దామోదర్ నవ్వుతూ వచ్చి, మైకు తనే అనసూయ మొగుడి పటం ముందు పెట్టాడు.

"జై కొట్టు, అన్నా!"

అనసూయ పటం మీది దండ పక్కకు జరిపింది.

"ఓటు ఎవలికేసినవో చెప్పయ్యా. ఊరంత ఇనాలె."