గాలి లేని బొమ్మ

ఉపగ్రహం తీసిన బొమ్మల్లోంచి గాలి మసకను తీసేయడంలో పెద్దమ్మ తర్వాతే ఎవరైనా. ఆ విద్య ఆవిడ దగ్గరే నేర్చుకున్న చెల్లెలి కూతురికి పెద్దమ్మ మాట వేదం.

"నెత్తిమీంచి చూస్తే కప్పులే కనబడతాయి, మధ్యలో గాలీ తక్కువే. పక్కకి వాలి చూస్తే గోడలు కనబడతాయి, గాలి మందమవుతుంది. ముందు ఏ కోణంలో చూసిందో పట్టుకోవే, మసక దానంతటదే లొంగుతుంది" అనేది పెద్దమ్మ.

ఆ రాత్రి ఆఫీసులో అమ్మాయి ఒక్కతే ఉంది. అప్పుడే దిగిన బొమ్మలో వాళ్ల ఆఫీసే కనబడింది, గోడంతా కిటికీలతో సహా. అంటే ఉపగ్రహం బాగా వాలి చూసిందన్నమాట. మసక దట్టంగా ఉండాలి. వెతికితే రవ్వంత లేదు. ఇటుకల మధ్య గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి. తీసినవాళ్లకి దండం పెట్టాలనిపించి, పెద్దమ్మకు ఫోన్ చేసింది.

"ఎంత బాగుందో పెద్దమ్మా. తీసేయడానికి గాలే లేదు."



"గాలి లేదంటే దూరం లేదని కదే" అంది పెద్దమ్మ మెల్లగా. "ఎక్కడా మసక లేదా?"

"ఒక్క కిటికీ మీదుంది. గుండ్రంగా, చిన్నగా."

గోడ మొత్తంలో లైటు వెలుగుతున్న కిటికీ అదొక్కటే.

అమ్మాయి కుర్చీ తిప్పింది. వెనకున్న తన నాలుగో అంతస్తు కిటికీ అద్దం మీద గుండ్రంగా ఆవిరి పట్టి ఉంది. దగ్గరికెళ్లి వేలితో తుడిచింది. పోలేదు. ఆవిరి పట్టింది బయటివైపు.

చూస్తుండగానే అది కాస్త తగ్గి, మళ్లీ పెరిగింది.