బియ్యం అడిగిన పులి

దసరా వేషాలు వీధిలోకి వచ్చాయి. డప్పుల మోతకు కుక్కపిల్ల బంటు ఉలిక్కిపడి లేచింది. దడి సందులోంచి చూస్తే, ఒళ్లంతా చారలతో పులి గంతులేస్తోంది. బంటు పెరటి తలుపులోంచి, లారీలు తిరిగే రోడ్డు మీదికి పారిపోబోయింది.

"ఆగరా. పులి ముందుగా తినాల్సింది నన్ను. నేను కదిలానా?" అంది ముసలి మేక, గడ్డి నములుతూ. "ఇలా వచ్చి నా పొట్టకు ముక్కు ఆనించి పడుకో."

బంటు వణుకుతూనే పడుకుంది. ఇంతలో పులి గుమ్మం ముందు జోలె పట్టి, "అమ్మా, కాస్త బియ్యం పెట్టించండి" అంది.

బంటు తలెత్తింది. "అవ్వా, పులి బియ్యం తింటుందా?"

"ఏటా ఇదే పులి, ఇదే బియ్యం. నన్ను పెట్టమని ఒక్కసారైనా అడగలేదు."

పులి వెళ్లింది. ఎలుగుబంటి వచ్చింది. పిల్లికూన గోడ దూకి హడలిపోతూ పరుగెత్తుకొచ్చింది.

బంటు కొంచెం జరిగి చోటిచ్చింది. "పడుకోవే. అదీ బియ్యానికే వచ్చింది."