ఆదివారం కరెంటు

ప్రసంగం రసకందాయంలో పడేసరికి మైకు మళ్లీ మూగబోయింది.

పాస్టరు ఇన్నయ్య మైకును తట్టాడు, ఊదాడు. ఉలుకూ పలుకూ లేదు. ఆ మైకు పలికితే కృష్ణ అవతలి ఒడ్డున గేదెలు నెమరు ఆపి తలలెత్తేవి. అలాంటిది కొన్ని ఆదివారాలుగా ఇదే వరస.

పక్కింట్లో మిక్సీ మాత్రం గరగరా తిరుగుతోంది. రెండు వీధుల అవతల రేకుల షెడ్డులో దేవదానం మైకు కూడా మోగుతోంది.

అదే ఇన్నయ్య కడుపుమంట. దేవదానం కరెంటు లైన్‌మన్. వారమంతా స్తంభాలెక్కుతాడు, ఆదివారం వాక్యం చెబుతాడు. చెప్పేది అరగంట. అయినా షెడ్డులో నిలబడ చోటుండదు. ఇన్నయ్య ఏ ఉద్యోగమూ వద్దనుకుని దేవుడి పనికే అంకితమైన మనిషి. ఆయన చర్చిలో చాపలు ఖాళీ.

చర్చి వెనక గోడకు ఆనుకునే వాళ్ల వంటిల్లు; చర్చి ఫ్యూజులూ అందులోనే. కూర మాడుతుందని ప్రసంగం మధ్యలో లేచిపోయిన భార్య ఎలిజబెత్, అంతా అయ్యాక తిరిగొచ్చింది. కరెంటంటే ఇన్నయ్యకు సైతాను కన్నా భయం. అవన్నీ ఆవిడే చూస్తుంది.

“ఫ్యూజు బాగానే ఉందయ్యా.”

“ఉంటది! షెడ్డుకి పోతా పోతా వాడే స్తంభం కాడ మన వైరు లాగేస్తన్నాడు. వాడి ప్రసంగం అయిపోయినాక తగిలిస్తన్నాడు.”

“ఆయన మీద నీకెందుకయ్యా అంత కుళ్లు?”

“కుళ్లా? నాకా?” ఇన్నయ్య ఎగిరిపడ్డాడు. “ఒక కాలు స్తంభం మీద, ఒక కాలు వేదిక మీద పెట్టినోడి మీద నాకు కుళ్లేందే?”

మర్నాడే దేవదానాన్ని రోడ్డు మీద నిలదీశాడు.

“నాకదేం పనన్నా? స్తంభం ఎక్కితే జీతం, దిగితే దేవుడు. అంతే నాకు తెలిసింది.”

“అట్టయితే వచ్చే ఆదివారం నీ షెడ్డు మూసి నా ముందు కూర్చో. కరెంటు పోయిందా, నీ తప్పు లేనట్టే. పోలేదా, మైకు వదిలెయ్యి. కాదంటే మీ ఆఫీసుకు పోతా.”

“సరేనన్నా. నాకేం భయం?”

ఆదివారం దేవదానం వచ్చి ముందు చాప మీద కూర్చున్నాడు. ఆయన జనమంతా వెనకే వచ్చారు. ఇన్నయ్య సృష్టి మొదలుకొని అందుకున్నాడు. జలప్రళయం దాటాడు, ఎడారులన్నీ నడిపించాడు. చంటిపిల్లలు నిద్రపోయి, లేచి, మళ్లీ నిద్రపోయారు. ఆ వేళ ఎలిజబెత్ కూడా కూర సంగతి మరిచి చివరిదాకా కదల్లేదు.

కరెంటు పోలేదు.

“చూశారా! దొంగ ఎదురుగా ఉంటే కరెంటు ఎంత బుద్ధిగా ఉందో!” ఇన్నయ్య మైకులోనే అరిచాడు.

దేవదానం తిరుగుతున్న ఫ్యాను వంకే చూస్తుండిపోయాడు. ఆఫీసు దాకా పోతే ఉద్యోగం మిగలదు. ఇంట్లో పిల్లలున్నారు.

“ఇక మైకు పట్టుకోనన్నా,” అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఎలిజబెత్ వంటింట్లోకి పోయి, ప్రతి ఆదివారం మొగుడి మైకు ఫ్యూజు పీకేసి దేవదానం మాటలు వినడానికి తెరిచే వెనక కిటికీని మెల్లగా మూసి గొళ్లెం పెట్టింది.