వేరు లేని వెంట్రుక

యజమాని ఆ విగ్గును బల్లమీద విసిరినంత పని చేశాడు. పాపిడికి అటూ ఇటూ వెంట్రుకలు పీకేసి ఉండటంతో, అడుగునున్న వల కన్నాలు బయటపడుతున్నాయి.

"వారంలో ఇది మూడోది. ఎవరి పని?"

విగ్గులు అల్లే ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. అందరి చూపులూ తలకు రుమాలు కట్టుకున్న అమ్మాయి మీదికే పోయాయి. తన జుట్టు తనే పీక్కుంటుందని అక్కడ తెలియనివాళ్లు లేరు.

"ఇంకెవరండీ? దొంగ చేతికే తాళాలిచ్చాం," అంది పెద్దక్క. తయారైన ప్రతి విగ్గునూ తనిఖీ చేసేది ఆమే.

"రేపట్నించి పనికి రాకమ్మా," అన్నాడు యజమాని.

అమ్మాయి ఏడవలేదు. రుమాలు విప్పేసింది. నడినెత్తిన అరచెయ్యంత బోసి.

"చూడండి, దాచుకోను. పీక్కుంటాను. నా తలది! వేరుతో సహా ఊడి, ఆ తెల్లమొన వేలికి తగిలితేనే నా ప్రాణం కుదుటపడేది. వేరు లేని వెంట్రుక నాకెందుకు సార్?"

"పిచ్చిలో కూడా రకాలా?" అంది పెద్దక్క.

"ఉన్నాయక్కా. ఓసీడీ, నా జబ్బూ దాయాదులని మా డాక్టరమ్మ చెప్పింది. ఇంటిపేరొకటే, కాపురాలు వేరు. నా చెయ్యి చాలాసార్లు నాకు తెలియకుండానే పోతుంది. ఓసీడీలో ముందు ఏదో సరిగా లేదని మనసులో ముల్లు దిగుతుంది, దాన్ని సరిచేసేదాకా వదలదు. కొందరికి రెండువైపులా సమానంగా లేకపోతే ఊపిరాడదు. ఈ విగ్గు పీకింది అలాంటి చెయ్యే. అటెన్ని పీకారో ఇటూ అన్నే ఉంటాయి, లెక్కపెట్టండి!"

యజమాని కళ్లజోడు సర్దుకుని, వలలో ఖాళీ కన్నాలను వేలితో తడిమాడు.

"ఎడమవైపు తొమ్మిది. కుడివైపు... ఎనిమిదే. నీ మాట నువ్వే అబద్ధం చేసుకున్నావు. ఇక బయల్దేరు."

అయినా అమ్మాయి తల దించలేదు, రుమాలు కట్టుకోలేదు.

గెలిచిన పెద్దక్క ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు. చూపు విగ్గు మీదనుంచి కదలడం లేదు. "లోపల పెట్టెయ్యండి సార్... దాన్ని నా ముందునుంచి తీసెయ్యండి," అని గొణిగింది. పిడికిళ్లు బిగించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత అందరూ చూస్తుండగానే చెయ్యి చాపి, కుడివైపు తొమ్మిదోది పీకేసింది.