కాలనీ గోడకు నూటమూడు

ఆ రోజుల్లో పిల్లలకు జ్వరం వస్తే ఇంట్లోనే మందు వేయాలో, ఆసుపత్రికి తరలించాలో ప్రతి ఇంటి గోడలోని యంత్రమే తేల్చేది. అది పిలిచిన వాహనంలో వస్తే తప్ప ఆసుపత్రి తలుపు తెరుచుకునేది కాదు.

"నూటమూడు. ఇంటి వైద్యం చాలు," అంది రేవు కాలనీలోని సలోమి ఇంటి గోడ, మూడోసారి.

పొద్దుటి నుంచి ఆమె మనవరాలు గుక్కెడు నీళ్లు మింగలేదు, ఒంటికి వెళ్లలేదు. ఇప్పుడు పిలిచినా కళ్లు తెరవడం లేదు. తాను ఆయాగా పనిచేసే మేడలో మొన్న నూటొకటికే వాహనం రావడం సలోమి కళ్లారా చూసింది. పిల్లను భుజాన వేసుకుని అక్కడికే పరుగెత్తింది.

"ఇక్కడికెందుకు తెచ్చావే? మీకు గోడ లేదూ?" అంది యజమానురాలు వసుంధర.

"మా గోడకి మా పిల్లలంటే అలుసమ్మా. మీ గోడనే అడుగుదామని వచ్చా."

హాల్లోని గోడ పిల్లను చూస్తూనే పలికింది. "ప్రమాదం. వాహనం సిద్ధం. ఈ బిడ్డ ఈ ఇంటిదేనా?"

ఇంటివారి గొంతుకు తప్ప అది లొంగదు. సలోమి వసుంధర వైపు తిరిగింది. వాలిపోయిన పిల్ల మెడను చూసి వసుంధర గోడ దగ్గరికి నడిచింది.

"మా ఇంటిదే. తొందరగా పంపు."

సలోమి దండం పెట్టలేదు.

"మా వీధిలో ఇంకో ఇద్దరు పసివాళ్లు ఇలాగే కాగిపోతున్నారమ్మా. వాళ్లనీ ఇక్కడికే తెమ్మని కబురంపుతున్నా," అంది.