పసుపునీళ్లకు కరిగిన అట్ట

ఆ ఉదయం నా చేతిలో ఉన్న పెట్టుబడి ఆవకాయకు కొట్టించిన ఐదు బుట్టల మామిడి ముక్కలు. సాయంత్రం దాటితే అవి మెత్తబడతాయి. జాడీలో ఊరితేనే మేం అమ్మే పచ్చడికి పేరు. ఊళ్లో జాడీలమ్మే కొట్లు ఎప్పుడో మూతపడ్డాయి. అందుకని ఆన్‌లైన్‌లో తెప్పించిన పెద్ద జాడీని డ్రోన్ దించగానే, మా ఆవిడ కనకరత్నం ఆనవాయితీగా పసుపునీళ్లు చల్లింది. ఇప్పటి ప్యాకింగంతా నీళ్లు తగిలితే కరిగే రకం. క్షణంలో అట్ట మాయమై, నిలువునా చీలిన జాడీ బయటపడింది.

వాపసు డబ్బు వెంటనే వస్తే మధ్యాహ్నానికి ఇంకోటి తెప్పించవచ్చు. వీడియో కాల్‌లో ఫిర్యాదు చేస్తే కంపెనీ యంత్రం మర్యాదగానే పలికింది.

"ప్యాకింగ్ పల్చగా ఉందన్నారు. ఒకసారి చూపిస్తారా, బాబాయ్ గారూ?"

"కరిగిపోయిందమ్మా. లోపల గుప్పెడు గడ్డి అయినా పెట్టలేదు మీవాళ్లు."

"చూడకుండా ఎలా నమ్మను?"

"చీలిన జాడీ కనబడట్లేదా?"

"జాడీ కనబడుతోంది. ప్యాకింగే కనబడట్లేదు."

"మీ పెద్దవాళ్లనెవరినైనా పిలువు."

"నాపైన ఎవరూ లేరు, బాబాయ్ గారూ."

"దానికి అమ్మాబాబూ ఉంటేగా! ముక్కల సంగతి చూడండి," అని కనకరత్నం కసిరింది.

చూసేదేముంది? పొద్దు వాలేలోపు వీధిలో వాళ్లకు పంచేశాం. లెక్క కడితే జాడీ డబ్బూ, కాయల డబ్బూ రెండూ పోయాయి. వచ్చింది ఒక సందేశమే. చెత్త మిగల్చకుండా ప్యాకింగ్ కరిగించినందుకు కంపెనీ నన్ను మెచ్చుకుని, అలాంటిదే ఇంకో జాడీ కొంటే కొంచెం తగ్గిస్తానంది.