ముట్టని పెట్టె

"కాల్చెయ్," అన్నాడు క్రాడక్ దొర.

మెహ్రాబ్ తల ఎత్తలేదు. అప్పుడే పుట్టిన ఒంటెపిల్లని తలపాగా గుడ్డతో తుడుస్తున్నాడు. మోచేతుల దాకా నెత్తురు. తల్లి జైతూన్ మెడ వంచి పిల్ల చెవులు నాకుతోంది.

"వినపళ్ళేదురా? కాల్చి పూడ్చెయ్. బయట పారేస్తే అడవి కుక్కలు మన వెంటపడతాయి."

"పుట్టి గంట కాలేదు దొరా."

"అందుకే చెప్తున్నా. అది నడవలేదు. దాని కోసం ఆగుతూ పోతే బావి చేరేలోపే నీళ్ళు అయిపోతాయి."

"నీళ్ళు ఎవరివల్ల తక్కువయ్యాయి? కంగారూని కాల్చబోయి నీళ్ళ పీపాకి చిల్లి పెట్టింది నేనా?"

"నోర్ముయ్!"

"ఆగక్కర్లేదు దొరా. పిల్లని మన మలూక్ ఒంటె మీద కట్టేస్తాను. తల్లి వెనకే వస్తుంది. మా నాన్న ఇలాగే చేసేవాడు."

"మలూక్ మీద నా పెట్టె ఉంది."

ఊడ్నడట్టా ఊళ్ళో బయల్దేరినప్పటి నుంచీ ఆ పెట్టె గురించే ఇద్దరికీ తగువు. మనిషి కూర్చునేంత పెట్టె. దాన్నిండా గడ్డి, గడ్డిలో బ్రాందీ సీసాలు. మెహ్రాబ్ సారా ముట్టడు. పెట్టె ఎత్తాలన్నా దించాలన్నా చేతులకి గోనెపట్టా చుట్టుకునేవాడు. దొర అది చూసి పగలబడి నవ్వేవాడు. "నా పెట్టెకి తాళం దేనికి? ఈ అఫ్గాన్ వాడి దేవుడే కాపలా!" అనేవాడు. మెహ్రాబ్ బలూచీ. దొరలకి ఒంటెవాళ్ళందరూ అఫ్గాన్లే.

"పెట్టె ఇంకో ఒంటె మీదికి మారుద్దాం. ఎంతసేపు పని?"

"మార్చేది లేదు. ఒంటెలు కంపెనీవి. నువ్వు కంపెనీ కూలివాడివి." దొర ఒరలోంచి పిస్తోలు తీశాడు. "నువ్వు కాలుస్తావా, నన్ను కాల్చమంటావా?"

మెహ్రాబ్ లేచాడు. చెయ్యి చాచాడు.

"ఇటివ్వండి. మీ గురికి అది సగం చచ్చి సగం బతుకుతుంది."

దొర మొహం కందగడ్డయింది. పిస్తోలు ఇసుకలోకి విసిరాడు. "గడ్డం గీసుకునేలోపు అయిపోవాలి!"

మెహ్రాబ్ పిల్లని ఎత్తి భుజాల మీద వేసుకున్నాడు. పార మలూక్ మీది బరువులకి కట్టి ఉంది. విప్పే ఓపిక లేనట్టు, మలూక్ ముక్కుతాడే పట్టుకుని నడిచాడు. జైతూన్ మూలుగుతూ వెంటపడింది. మెహ్రాబూ ఒంటెలూ ఇసుక దిబ్బ అవతలికి దిగిపోయారు.

పిస్తోలు పేలింది.

ఆ తర్వాత చాలాసేపు పార చప్పుడు.

మెహ్రాబ్ తిరిగొచ్చేసరికి భుజాలు ఖాళీ. చొక్కా నిండా నెత్తురు. మలూక్ మెడలో పెద్ద గంట మోగుతోంది.

"పిస్తోలేది?" అన్నాడు దొర సబ్బు నురగ తుడుచుకుంటూ.

"నెత్తురైంది. బావి దగ్గర అడగండి."

"ఛీ! ఈ గంటేమిటి? ఎవరి పెళ్ళి?"

"తల్లి ఏడుపు మీకు వినపడకుండా."

మెహ్రాబ్ పెట్టె మీది గుడారం గుడ్డ సర్ది తాడు బిగించాడు. దొర కళ్ళు చిట్లించాడు.

"గోనెపట్టా ఏదిరా? వట్టి చేతులతో ముట్టావే! పాపం అంటుకోదూ?"

"ఇవాళ నా చేత మీరు చేయించబోయిన పని ముందు అదెంత?"

దొర నవ్వుకుంటూ తన ఒంటె ఎక్కాడు.

ఎర్ర ఇసుకలో వరస కదిలింది. జైతూన్ మలూక్ వెనకే, పెట్టెకి ముక్కు ఆనించి నడిచింది. అదిలించక్కర్లేకపోయింది.

"చూశావా!" దొర వెనక్కి తిరిగి అరిచాడు. "అప్పుడే మర్చిపోయింది. నా బ్రాందీ వాసన మరిగింది. జంతువుకి ఏడుపేమిట్రా?"

మెహ్రాబ్ ఉమ్మేశాడు. మధ్యాహ్నం ఆగినప్పుడు మేతకని ఆ రెండు ఒంటెల్నీ ముల్గా చెట్ల చాటుకి తోలుకుపోయాడు. దొర టోపీ మొహం మీద వేసుకుని గురక పెట్టాడు.

పొద్దు వాలుతుండగా బావి చేరారు. మెహ్రాబ్ మలూక్‌ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి పెట్టె దించాడు. మెల్లగా దించాడు.

"ఇంత జోరుగా ఏనాడైనా నడిచామా?" దొర గ్లాసు పట్టుకుని వచ్చాడు. "ఆ పిల్లని మోసుకొస్తే ఈపాటికి ఎక్కడుండేవాళ్ళం?"

"ఇక్కడే."

"ఏడిశావ్. మాట వినడం నేర్చుకోరా. మాట వింటే అన్నీ సవ్యంగా జరుగుతాయి."

దొర గుడ్డ లాగి మూత ఎత్తాడు. గ్లాసు చేతిలోంచి జారిపోయింది.

గడ్డిలోంచి ఒక బూడిదరంగు తల పైకి లేచింది. వణుకుతూ దొర మొహంలోకి చూసి "మ్మె" అంది. జైతూన్ దొరని భుజంతో ఒక్క నెట్టు నెట్టి పెట్టెలోకి మెడ దూర్చింది.

ఇసుకలో పడ్డ దొర చెయ్యి నడుము దగ్గర వెతుక్కుంది. ఒర ఖాళీ.

"నా సీసాలేవిరా? నా పిస్తోలేది?"

మెహ్రాబ్ పిల్లని పెట్టెలోంచి ఎత్తి తల్లి పొదుగు కింద నిలబెట్టాడు. ఆ తర్వాతే దొర వైపు తిరిగాడు.

"మీ మాటే విన్నాను దొరా. ఒక సీసాని కాల్చాను. మిగతావి పూడ్చాను. పిస్తోలుని వాటికి కాపలా పెట్టాను."